తలకు రంగు వేసిన రెండో రోజు కళ్లు వాచాయా? తప్పు వంకాయది కాకపోవచ్చు

మొన్న తలకు నల్ల రంగు వేసుకున్నానని, నిన్న వంకాయ కూర తిన్నాక కనురెప్పలు వాచాయని, వంకాయ పడలేదేమోనని అడిగారు. ఆ కూర కంటే, మొన్న వేసుకున్న నల్ల రంగే కారణం అయ్యుండొచ్చు. అందులోని పీపీడీ (జుట్టు రంగుల్లో వాడే రసాయనం) పడకపోతే మాడు మీద కన్నా చెవుల వెనక, నుదుటి అంచున, కనురెప్పల మీద ఎక్కువగా దురద, ఎరుపు, వాపు వస్తాయి.

అందరూ పొరబడేది ఇక్కడే: ఈ అలర్జీ సాధారణంగా 1 నుంచి 3 రోజులకు బయటపడుతుంది. అందుకే నిందంతా నిన్నటి కూర మీద పడుతుంది! ఏళ్లుగా వాడుతున్న రంగు కూడా ఉన్నట్టుండి పడకపోవచ్చు.

1. తలను షాంపూతో బాగా కడగండి. గోకకండి.
2. బ్రాండు మార్చి మళ్లీ వేయకండి. నల్లగా పండే 'హెన్నా' పొడుల్లోనూ తరచుగా పీపీడీ ఉంటుంది. అసలైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది.
3. రెప్పలు వాచాయంటున్నారు కాబట్టి ఈరోజే చర్మ డాక్టర్‌కు చూపించండి, రంగు డబ్బా తీసుకెళ్లండి. ఊపిరాడకపోతే నేరుగా ఎమర్జెన్సీకి.