సూపర్‌మేన్ వేషానికి ఎవరు సరిపోయారు? బృహన్నల వేషాన్ని చూసి పెరిగినవాడి జవాబు

1978 నుంచి 2025 వరకు వచ్చిన సూపర్‌మేన్ చిత్రాల్లో ఏది మేలైనదని, పదేళ్ళ మీ అబ్బాయికి ముందుగా ఏది చూపించాలని, పాత సినిమాల్లో ఎగిరే దృశ్యాలు ఇప్పటి పిల్లలకు నవ్వు తెప్పిస్తాయేమోనని మీరు అడిగారు. నా మటుకు నాకు 1978లో రిచర్డ్ డానర్ దర్శకత్వంలో క్రిస్టఫర్ రీవ్ నటించిన చిత్రమే అన్నిటికంటే మిన్న. ఈ మాట చాలామంది చెబుతారు గానీ, వారు ఎక్కువగా ఆ చిత్రంలోని ఎగిరే దృశ్యాలను, జాన్ విలియమ్స్ సంగీతాన్ని కారణంగా చూపుతారు. నేను చూపే కారణం రీవ్ కళ్ళద్దాలు. ఈ కారణాన్ని నేను సినిమాలు చూసి నేర్చుకోలేదు, మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను కాబట్టి ముందు ఆయన సంగతి చెప్పాలి.

మాది చిత్తూరుకు దగ్గరలోని ఒక పల్లె. మా వైపు ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం, చివరికి నేల మీద మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడి గెలుపు. మా మేనమామ చాలా ఏళ్ళు అర్జునుడి వేషం కట్టారు. తపస్సు మాను, అంటే అర్జునుడు తపస్సుకు ఎక్కే ఎత్తైన మాను, ఎక్కడం, కిరీటమూ భుజకీర్తులూ కట్టుకొని పద్యం పాడడం చాలామందికి వచ్చిన విద్యలే గానీ, విరాటపర్వం రాత్రి బృహన్నల వేషం కట్టగలిగినవాడే అసలైన వేషగాడని మా ఊళ్ళో పెద్దలు అనేవారు. ఎందుకంటే ఆ రాత్రి వేషగాడు రెండు పనులు ఒక్కసారే చేయాలి. విరాటుడి కొలువులో ఉన్నవారికి అతడు నాట్యం నేర్పే బృహన్నలగా మాత్రమే కనిపించాలి, నేల మీద చాపలు పరుచుకొని కూర్చున్న మాకు మాత్రం లోపలి అర్జునుడు తెలుస్తూనే ఉండాలి. ఉత్తర కుమారుణ్ణి జమ్మిచెట్టు దగ్గరికి తీసుకుపోయి గాండీవం దింపించే ఘట్టంలో మామ చీర మార్చేవారు కాదు, జడ విప్పేవారు కాదు, వెన్ను నిలబెట్టి గొంతు దించేవారు, అంతే. ఆ క్షణంలో మా అవ్వలు చేతులు జోడించడం నేను కళ్ళారా చూశాను.

సూపర్‌మేన్ కూడా అలాంటి అజ్ఞాతవాసి. జెర్రీ సీగెల్ రాయగా జో షుస్టర్ గీసిన ఈ పాత్ర 1938లో అచ్చులో తొలిసారి కనిపించినప్పటి నుంచీ క్లార్క్ కెంట్ అనే బెరుకు విలేకరిగా కళ్ళద్దాల చాటున బతుకుతూనే ఉంది. మొదట్లో అతనికి ఎగరడం రాదు, ఒక్క గంతులో మైలులో ఎనిమిదో వంతు దూకేవాడు. ఎగరడం తరువాత వచ్చి చేరింది, మారువేషం మాత్రం పుట్టుకతోనే ఉంది. ఆ మారువేషాన్ని మొట్టమొదట సరిగా పట్టుకున్నది తెర కూడా కాదు, రేడియో. 1940లో మొదలైన రేడియో నాటికలో బడ్ కాలియర్ అనే నటుడు క్లార్క్‌ను సన్నని గొంతుతో మొదలుపెట్టి, ఇది సూపర్‌మేన్ చేయవలసిన పని అనే అర్థం వచ్చే వాక్యం మధ్యలోనే గొంతును కిందికి దించేవాడు. కనబడని వేషాన్ని వినబడేలా మార్చడం ఎంత కష్టమో నాటకం తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

1941లో ఫ్లైషర్ సోదరుల స్టూడియో మొదలుపెట్టిన రంగుల కార్టూన్లకు కూడా కాలియరే గొంతు ఇచ్చాడు. ఆ వరుసలో మొత్తం 17 పొట్టి చిత్రాలు వచ్చాయి. ఒక్కొక్కటీ దాదాపు పది నిమిషాల్లో ముగుస్తుంది గానీ, ఆ నీడలూ ఆ లోహపు మరమనుషుల నడకా ఇప్పటికీ కళ్ళకు ఇంపుగా ఉంటాయి, మీ అబ్బాయికి నిస్సంకోచంగా చూపించవచ్చు. మనిషి నటించిన మొదటి తెర సూపర్‌మేన్ 1948 నాటి 15 భాగాల సీరియల్లోని కిర్క్ ఆలిన్. అతడు పైకి లేవగానే అతని స్థానంలో కార్టూన్ బొమ్మ ఎగురుతుంది, నవ్వు తెప్పించేది ఏదైనా ఉంటే ఇదే. 1952 నుంచి 1958 వరకు టెలివిజన్‌లో 104 భాగాలు నటించిన జార్జ్ రీవ్స్ మంచి నటుడే, హుందా అయిన మనిషి. అయితే అతని క్లార్క్ ధీమాగా నడిచే విలేకరి, అతని సూపర్‌మేన్ కూడా అదే ధీమాతో నడుస్తాడు. కళ్ళద్దాలు తీసినా పెట్టుకున్నా ఒకే మనిషి కనబడతాడు, తోటి విలేకరి లోయిస్ లేన్ అతణ్ణి ఎందుకు గుర్తుపట్టదో నాకు ఎప్పటికీ అంతుబట్టలేదు.

మా ఊరికి సూపర్‌మేన్ ఇంగ్లిష్‌లో రాలేదు, తెలుగులో వచ్చాడు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో నందమూరి తారక రామారావు నటించిన 'సూపర్ మేన్' మా పక్క ఊరి టూరింగ్ టాకీసులో ఆడినప్పుడు నేను నేల మీద కూర్చొని చూశాను. అక్కడ శక్తులు ఇంగ్లిష్ సూపర్‌మేన్‌కు వచ్చినట్టు వేరే గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయస్వామి అనుగ్రహంగా వచ్చాయి. పదేళ్ళ పిల్లవాడిగా నాకు ఆ మార్పు ఎంతో సహజంగా తోచింది, ఎందుకంటే మా కథల్లో బలం వరంగానో తపస్సు ఫలంగానో వస్తుంది తప్ప పుట్టిన గ్రహాన్ని బట్టి రాదు. ఆయనే 1963లో 'నర్తనశాల'లో అర్జునుడిగా, బృహన్నలగా నటించిన సంగతి తెలిసినవారికి నేను ఈ రెండింటినీ ఒకచోట ఎందుకు చేరుస్తున్నానో అర్థమవుతుంది. మనవైపు పిల్లలకు ఆ 1980 చిత్రాన్ని కూడా ఒకసారి చూపించడం మంచిదే, ఒకే వేషం ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయినప్పుడు ఏమేమి మారుతుందో వారికి తెలుస్తుంది.

రీవ్ చిత్రాన్ని నేను 1986 ప్రాంతంలో చిత్తూరులో బంధువుల ఇంట్లో, ఒక రాత్రికి అద్దెకు తెచ్చిన వీసీఆర్ మీద చూశాను. ఆ రాత్రి మేనమామ కూడా అక్కడే ఉన్నారు. అప్పటికే వేషాలు మానేశారు, మోకాళ్ళ నొప్పితో గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆయనకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. హెలికాప్టర్ అంతస్తుల మీది నుంచి వేలాడడం, లోయిస్ జారిపడడం, అతడు ఒక చేత్తో ఆమెను, మరో చేత్తో హెలికాప్టర్‌ను పట్టుకోవడం చూసి మేమంతా కేకలు వేశాం, ఆయన ఊరకే చూశారు. తరువాత లోయిస్ ఇంట్లో ఒక చిన్న ఘట్టం వస్తుంది. ఆమె సూపర్‌మేన్‌తో ఆకాశంలో విహరించి వచ్చిన కొద్దిసేపటికే క్లార్క్ తలుపు తట్టి లోపలికి వస్తాడు, ఆమె పక్క గదిలోకి వెళ్ళినప్పుడు నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుంటాడు. కళ్ళద్దాలు తీస్తాడు, వంగిన భుజాలు వెనక్కి పోతాయి, మెడ నిలబడుతుంది, గొంతు లోతుకు దిగుతుంది. ఆమె తిరిగి రాగానే ధైర్యం చాలక కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, ఆ పొడవాటి మనిషి మళ్ళీ కుదించుకుపోతాడు. ఇదంతా మధ్యలో కత్తిరింపు లేకుండా మన కళ్ళ ముందే జరుగుతుంది. మామ గోడ వదిలి ముందుకు వంగి, "కండ్లద్దాలు తీస్తానే జానెడు పెరిగినాడు చూడ్రా, వీడు బృహన్నల కట్టినోడే" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

ఆ నటుడు పాత్ర కోసం ఎంత శ్రమించాడో తరువాత చదివి తెలుసుకున్నాను. సన్నగా ఉన్న రీవ్ డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు నేర్చుకొని ఒళ్ళు పెంచాడు, క్లార్క్ తడబాటుకు మాత్రం పాతకాలపు నటుడు కేరీ గ్రాంట్ హాస్య పాత్రను ఆదర్శంగా పెట్టుకున్నాడు. ఒళ్ళు పెంచడం అందరికీ కనబడే పనే. పెరిగిన ఒంటిని కోటు లోపల దాచుకొని చిన్నగా కనబడడం ఎవరూ లెక్కపెట్టని పని.

ఇక ఎగరడం సంగతి. ఆ చిత్రంలో జోరన్ పెరిసిక్ అనే నిపుణుడు కెమెరాకూ ప్రొజెక్టరుకూ కలిసి పనిచేసే జూమ్ లెన్సులు అమర్చి, మనిషి కదలకుండానే దూరం నుంచి దగ్గరికి ఎగిరి వచ్చినట్టు చూపించాడు. దృశ్య మాయలకు ఆ చిత్రానికి ఆస్కార్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఇప్పటి కంప్యూటర్ దృశ్యాల పక్కన అక్కడక్కడా అతుకు కనబడుతుంది, ఒప్పుకుంటాను. అయితే తపస్సు మాను మీద అర్జునుడు ఎక్కేటప్పుడు ఆ మానుకు కొట్టిన మెట్లు అందరికీ కనబడుతూనే ఉంటాయి, అయినా అతడు కైలాసానికి పోతున్నాడనే అందరూ తలెత్తి చూస్తారు. పైకి పోయే మనిషి ముఖంలో ఆ నమ్మకం ఉంటే చాలు. రీవ్ గాలిలో ఒరిగి మలుపు తిరిగేటప్పుడు అతని చూపు శరీరం కంటే ముందు తిరుగుతుంది, మీ అబ్బాయి దాన్నే చూస్తాడు తప్ప అతుకును చూడడు.

1980 నాటి రెండవ భాగం చూడదగినదే. డానర్ చాలా భాగం తీసిన తరువాత అతణ్ణి తప్పించి రిచర్డ్ లెస్టర్ చేత పూర్తి చేయించారు, డానర్ కూర్పు 2006లో విడిగా విడుదలైంది. 1983, 1987 చిత్రాల కోసం సమయం వెచ్చించనక్కరలేదు. 1993లో మొదలైన టెలివిజన్ ధారావాహికలో డీన్ కేన్ క్లార్క్‌నే అసలు మనిషిని చేసి సూపర్‌మేన్‌ను అతడు చేసే పనిగా చూపించాడు, అది ఆలోచించదగిన మార్పు. 2001 నుంచి పదేళ్ళు నడిచిన 'స్మాల్‌విల్' దాదాపు చివరిదాకా సూపర్‌మేన్ దుస్తులూ ఎగరడమూ లేకుండా పల్లెటూరి యువకుడి కథ చెప్పింది. మా ఇంట్లో పిల్లలకు అదంటే ఇష్టం, నాకు మాత్రం 1995లో గుర్రం మీది నుంచి పడి కదలలేని స్థితికి చేరిన రీవ్ 2003లో అందులో చక్రాల కుర్చీలో కనిపించిన భాగమే మనసులో నిలిచిపోయింది.

2006లో బ్రాండన్ రౌత్ నటించిన చిత్రంలో కూలిపోతున్న విమానాన్ని ఆట మైదానంలో దించే ఘట్టం అన్ని సూపర్‌మేన్ చిత్రాల్లోకీ గొప్ప సాహస ఘట్టమని నా అభిప్రాయం. రౌత్ ముఖకవళికలు, మాట తీరు రీవ్‌ను తలపించేలా ఉంటాయి. అదే అతనికి బలమూ బరువూ అయింది. గురువు వేసిన అడుగులో అడుగు వేసే శిష్యుడి బృహన్నలను కూడా నేను చూశాను. తప్పు దొరకదు, గుండె మాత్రం కదలదు.

2013లో జాక్ స్నైడర్ తీయగా హెన్రీ కావిల్ నటించిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్' గురించి ఎక్కువగా వాదనలు జరుగుతాయి. నగరం నేలమట్టం కావడం, చివర అతడు శత్రువు మెడ విరవడం చాలామందిని బాధపెట్టాయి, నన్నూ బాధపెట్టాయి. అయితే నా ఫిర్యాదు అంతకంటే ముందే మొదలవుతుంది. దాగి ఉండడం గురించి ఇంతగా మాట్లాడిన సూపర్‌మేన్ చిత్రం మరొకటి లేదు. కొడుకు రహస్యం బయటపడకూడదని పెంపుడు తండ్రి సుడిగాలికి బలైపోతాడు. అంత చేసిన తరువాత మారువేషం మాత్రం చివరి నిమిషాల్లో, కళ్ళద్దాలతో కార్యాలయంలోకి అడుగుపెట్టేటప్పుడు మాత్రమే వస్తుంది. పన్నెండేళ్ళ వనవాసం పూర్తిగా చూపించి విరాటపర్వాన్ని తెర దించే ముందు ఒక్క పద్యంలో ముగించినట్టుంది. 1978 చిత్రంలో పెంపుడు తండ్రి గుండెపోటుతో పోతాడు, ఇన్ని శక్తులుండీ ఆయనను కాపాడలేకపోయానని కొడుకు అంటాడు. ఆ ఒక్క మాటలోని దుఃఖం సుడిగాలి ఘట్టం మొత్తంలో నాకు కనబడలేదు.

2025లో జేమ్స్ గన్ తీసిన చిత్రాన్ని మా తమ్ముడి కొడుకుతో కలిసి తిరుపతిలో తెలుగు డబ్బింగులో చూశాను. వాడికి పదకొండేళ్ళు. డేవిడ్ కోరెన్స్‌వెట్ సూపర్‌మేన్ మొదటి దృశ్యంలోనే ఓడిపోయి మంచులో పడి ఉంటాడు, తరువాత నగరంలో ఒక భారీ వింత జంతువుతో జరిగే పోరు రభస మధ్యలో ఒక ఉడుతను కూడా కాపాడతాడు. ఆ ఉడుత దగ్గర వాడు నా చెయ్యి పట్టుకొని, "పెదనాన్నా, దాన్ని కూడా చూసుకున్నాడు" అన్నాడు. దయ అనే గుణాన్ని ఈ చిత్రం తిరిగి తెచ్చింది, అందుకు నేను ఎంతో సంతోషించాను. లోయిస్‌కు ఇందులో అతడెవరో ముందే తెలుసు. ఆమె ఇంట్లో సూపర్‌మేన్‌గా ఇంటర్వ్యూ ఇస్తూ, ఆమె ప్రశ్నలకు అతడు క్రమంగా సహనం కోల్పోయే ఘట్టం మొత్తం చిత్రంలో నాకు నచ్చిన భాగం. ఎగరడం లేదు, పోరు లేదు, ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోనే అతని రెండు రూపాలూ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. కాకపోతే ఆ కళ్ళద్దాల్లోనే చూసేవారిని భ్రమింపజేసే మాయ ఉందని ఒకచోట మాటల్లో తేల్చేశారు, అది అక్కరలేదనిపించింది. నటుడు చేయవలసిన పనిని వస్తువుకు అప్పగించకూడదు.

కాబట్టి మీ అబ్బాయికి ముందుగా 1941 నాటి కార్టూన్లు ఒకటి రెండు, తరువాత 1978 చిత్రం, ఆ వెంటనే 2025 చిత్రం చూపించండి. 2013 చిత్రాన్ని ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగి చూపించవచ్చు, అందులోని విధ్వంసం పదేళ్ళ వయసుకు బరువైనది. 1978 చిత్రం చూసేటప్పుడు లోయిస్ ఇంట్లోని ఆ ఘట్టాన్ని ఒకసారి మామూలుగా చూశాక, వెనక్కి తిప్పి శబ్దం పూర్తిగా ఆపి రెండోసారి చూడండి. ఇంగ్లిష్ రాని మా మేనమామ చూసింది అదే.