కుదువా, తనఖానా?

సందేహం: మా వైపు నగలు 'కుదువ పెట్టడం' అంటాం. కృష్ణా జిల్లాలోని మా వియ్యాలవారు 'తాకట్టు' అంటారు. బ్యాంకు కాగితంలో 'ఆభరణాల తనఖా' అని ఉంది. మూడూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, నంద్యాల

సమాధానం: కుదువ, తాకట్టు ఒకటే. సీమలో ఒకటి, కోస్తాలో ఒకటి ఎక్కువగా వినిపిస్తాయి, అంతే. అసలు రుచి తనఖాలో ఉంది.

అది ఫారసీ 'తన్‌ఖ్వాహ్'. 'తన్' అంటే ఒళ్లు, 'ఖ్వాహ్' అంటే కోరేది. ఒంటికి కావలసింది, అంటే జీతం. హైదరాబాద్ ఉర్దూలో ఇవాళ్టికీ తన్‌ఖా అంటే నెలజీతమే. మరి జీతం అప్పుల్లోకి ఎలా దిగింది? మొగలుల కొలువులో చాలామంది మన్సబ్‌దార్లకు నగదు బదులు, ఫలానా పరగణా శిస్తు వసూలు చేసుకోమని జాగీరు ఇచ్చేవారు. రావలసిన సొమ్ముకు నేల ఆదాయాన్ని ముడిపెట్టడం అక్కడే ఉంది. మన తనఖాకు దారి అదేనని నా ఊహ. పంజాబులో మాట ఎటో పోయింది: మతనియమం తప్పిన సిక్కును 'తన్‌ఖయ్యా' అంటారు, అతనికి వేసే శిక్ష తన్‌ఖా!

తెలుగులో మాత్రం అది నేలను పట్టుకునే ఉంది. భూమి తనఖా బ్యాంకులు అన్నాం గానీ భూమి కుదువ బ్యాంకులు అనలేదు. చట్టం గీసిన గీతా అదే. 1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ చెప్పే తనఖా స్థిరాస్తికే. నగల వంటి చరాస్తిని అప్పుకు హామీగా అప్పగిస్తే అది 1872 కాంట్రాక్టు చట్టం 172వ సెక్షన్ సంగతి. వస్తువు అప్పిచ్చినవాడి దగ్గరుంటుంది, సొంతదారు మీరే. గడువు దాటితే అతను తగిన నోటీసిచ్చి అమ్ముకోవచ్చు. పొలంలో నిలిచిన పైరు కూడా ఆస్తి బదిలీ చట్టం లెక్కలో స్థిరాస్తి కాదు. 'పంట తనఖా' అని రాసే పత్రికలవారు కాస్త చూసుకోవాలి.

'కారు తనఖా' మరీ విడ్డూరం. కారు మీ గుమ్మం ముందే ఉంటుంది, ఆర్సీలో బ్యాంకు పేరు ఎక్కుతుంది. అది కుదువా కాదు, తనఖా కాదు. జనం హైపోతికేషన్ అంటున్నారు, అననివ్వండి.

మీ కాగితంలో 'కుదువ' అనో 'తాకట్టు' అనో ఉంటే బాగుండేది. మాటల్లో 'నగలు తనఖా' అంటే తప్పుపట్టను. 'ఇల్లు తాకట్టు' అని అందరూ అంటున్నదే కదా. మన నాయకులైతే ఆత్మగౌరవాన్ని కూడా ఢిల్లీలో తాకట్టు పెట్టారని ఒకరినొకరు తిట్టుకుంటారు. అది చరాస్తో స్థిరాస్తో వారే తేల్చుకోవాలి.