పదకొండు వణుకులు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను.

పన్నెండు పేజీల కథలో పదకొండుసార్లు ఎవరో ఒకరు ‘వణికిపోయారు’. చలికి తాత వణికిపోయాడు. అప్పులవాణ్ణి చూసి తండ్రి వణికిపోయాడు. కోపంతో తల్లి వణికిపోయింది. పెళ్ళిచూపుల్లో అక్క వణికిపోయింది. చివరికి 2024 డిసెంబరు 4 ఉదయం ములుగులో భూకంపం వచ్చినప్పుడు నేల కూడా వణికిపోయింది. చలికీ భయానికీ కోపానికీ సిగ్గుకీ 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికీ ఒకటే మాటా? ఆ పూట హైదరాబాదులో మా ఇంట్లో గోడకున్న క్యాలెండరు ఊగింది. ఊగింది, వణకలేదు.

నాకు ఇంత కోపం రావడానికి కారణం ఏడో పేజీ. ‘నానమ్మ నిలబడే ఉంది. చంకలో బిందె తొణికింది’ అని రాశావక్కడ. ఆ రెండు వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది రాయగలిగిన చెయ్యి మిగతా చోట్ల దొరికిన మాటతో సరిపెట్టుకుంటే చూస్తూ ఊరుకోలేను.

కలం పేరు గురించి, పోటీల గురించి అడిగావు. ముందు ఈ సంగతి తేలాలి.

మా నాన్న బడిపంతులు. ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే ఆయన కుడిచేతికి జబ్బు మొదలైంది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి, దీపానికి వత్తి చేస్తున్నట్టు. పేపరు చదువుతున్నా, రేడియో వింటున్నా ఆ వత్తి అయ్యేది కాదు. మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపితే ఆగిపోయేది. తాగి, చెయ్యి తిరిగి ఒళ్ళో పెట్టుకోగానే మళ్ళీ మొదలయ్యేది. నిద్రపోతే ఉండేది కాదు. నల్లబల్ల మీద అరచేతంత అక్షరాలు రాసిన మనిషి నాకు కార్డు రాస్తే మొదటి మాట మామూలుగా ఉండేది, వాక్యం చివరికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలంత అయ్యేవి. ఆయుర్వేద వైద్యుడు కంపవాతం అన్నాడు, పట్నంలో డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు 1817లో ఈ జబ్బు మీద వ్యాసం రాశాడు. అందులో ఆరుగురి సంగతి ఉంది. వారిలో కొందరిని ఆయన వీధిలో ఎదురుపడినప్పుడు చూశాడంతే. వీధిలో పోతున్న మనిషిని ఆ వైద్యుడు ఎంత నిదానంగా చూశాడో ఆలోచించు.

ఆ రోజుల్లో నాన్న మీద ఒక కథ రాసి అమ్మకు చదివి వినిపించాను. ‘నాన్న చెయ్యి వణుకుతోంది’ అన్నచోట ఆమె ఆపింది. “ఆయనకు చలేస్తోందా, భయమేస్తోందా? వణకడమేమిటి? చెయ్యి దానంతటది ఆడుతోంది” అంది. ముసలివాళ్ళ చేతులు వణుకుతాయని లోకమంతా అంటుంది, అందులో తప్పు లేదు. కానీ ఆ చేతికి రోజూ అన్నం కలిపి పెట్టిన మనిషి ఆ మాట ఒప్పుకోలేదు. నేను కొట్టేసి ‘ఆడుతోంది’ అని రాసుకున్నాను. నలభై ఏళ్ళుగా నేను పట్టుకు వేలాడుతున్న పట్టుదల అక్కడ మొదలైంది. కదిలే ప్రతిదానికీ తెలుగులో దాని కదలిక దానికుంది. ఆకు అల్లాడుతుంది. దీపం రెపరెపలాడుతుంది. గతుకుల రోడ్డు మీద బస్సు కుదుపుతుంది. కన్ను అదురుతుంది, ఏడుపు ఆపుకుంటున్న పెదవీ అదురుతుంది. పామును తొక్కబోయి తప్పుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మేళం మోగితే అమ్మవారు పూనిన మనిషి ఊగుతుంది. చేత్తో చేసేవైతే దుప్పటి దులుపుతాం, తడిబట్ట జాడిస్తాం, పిండి జల్లిస్తాం. ఇవి పర్యాయపదాలని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. దీపం కుదిపిందని ఒక్కసారి రాసి చూడు.

సంస్కృతం గొప్ప మాటలు వాడుతుందని, మనవి చిన్న మాటలని అనుకునే వాళ్ళున్నారు. భగవద్గీత మొదటి అధ్యాయం తీసి చూడు. అర్జునుడు భయమేస్తోందని ఎక్కడా అనడు. అవయవాలు సడలుతున్నాయి, నోరు ఎండిపోతోంది అంటాడు. ఆ వెంటనే ‘వేపథుశ్చ శరీరే మే రోమహర్షశ్చ జాయతే’ అంటాడు. వేపథువు వేరు, రోమహర్షం వేరు. వణుకూ గగుర్పాటూ ఒకటి కావని నాట్యశాస్త్రం కూడా ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసులోది ఒంటి మీద తేలే గుర్తుల్లో, రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టింది. ఆ తరవాత అర్జునుడు గాండీవం చేతినుంచి జారుతోందంటాడు. అన్నీ ఒంటి మీద జరిగినవే.

ఒక్క మన భాషే ఇలా అని కాదు. జపానులో ఉంటున్న మా మేనల్లుడు చెప్పాడు, చలికి వణికితే వాళ్ళు ‘బురుబురు’ అంటారట, కోపంతోనో భయంతోనో వణికితే ‘వనవన’ అంటారట. మన గజగజ, గడగడల్లాగే జంటమాటలు. యుద్ధానికి దిగబోయే వీరుడికి ఉత్సాహంతో పుట్టే వణుక్కి ‘ముషాబురుయి’ అని ప్రత్యేకంగా ఒక పేరుంది. భయంలేని వణుకు! మనకు దానికి సరైన మాట ఉందా అని నేను ఇంకా వెతుకుతున్నాను. ఉర్దూవారు భూకంపాన్ని అరబ్బీ నుంచి వచ్చిన ‘జల్‌జలా’ అనే మాటతో పిలుస్తారు. నోటితో అని చూడు, మాటే రెండుసార్లు కుదుపుతుంది. తమిళులు భూకంపాన్ని ‘నిలనడుక్కం’ అంటారు, అంటే నేల వణుకు. నువ్వు నేల వణికిందన్నావు కాబట్టి తమిళంలో అయితే నీది ఒప్పే. కానీ ములుగులో మీ నానమ్మ తమిళం మాట్లాడలేదు కదా. ఆమె ఆ పూట ఏమందో అది కావాలి నాకు.

‘నేల అదిరింది’ అని ఉంటుందని నా ఊహ. ఈ అదురుతో నాకు పాత గాయం ఉంది. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఒక వారపత్రిక నా మొదటి కథ వేసింది. రైలు గేటు పక్క ఇంటి కథ అది. ‘రైలు పోతుంటే గోడ అదిరింది’ అని రాశాను. అచ్చులో చూసుకుంటే ‘గోడ ప్రకంపించింది’ అని ఉంది. అదిరింది నాటుమాటట, అందుకని సంపాదకుడు గౌరవం కల్పించాడు. ఆ గోడ మట్టిగోడ. అది ప్రకంపించదు. పుస్తకంగా వేసినప్పుడు దాన్ని సరిచేసుకోవడానికి నాకు పదహారేళ్ళు పట్టింది. ఇప్పుడేమో వార్తల్లో ఎవరు పార్టీ మారినా రాజకీయ ప్రకంపనలే. ఈలోగా అదిరింది అన్న మాటను సినిమా ప్రకటనలు ఎత్తుకుపోయాయి. పాట అదిరింది, పులుసు అదిరింది, చొక్కా అదిరింది. ఇంగ్లీషులో ‘ట్రెమెండస్’కూ ఇదే గతి పట్టింది. లాటిన్‌లో దాని అర్థం వణకదగినది అని. దేవుడి ముందు నిలబడి అనవలసిన మాట మెచ్చుకోలుగా మిగిలింది. మన మాటను అలా పోనివ్వడం నాకిష్టం లేదు. గుండె అదిరింది, నేల అదిరింది అని నువ్వు రాయి. చదివేవాడికి మొదట చొక్కా గుర్తొచ్చినా సరే, నీ వాక్యం బలంగా ఉంటే వెనక్కి వస్తాడు.

ఎనిమిదో పేజీలో అక్క దగ్గరికి వస్తాను. ప్రాచీన గ్రీసులో డెల్ఫీ అనే చోట ఒక ఆలయం ఉండేది. అక్కడ పూజారిగా ఉన్న ప్లూటార్క్ రాసిన సంగతి ఇది. దేవుడి మాట చెప్పే పూజారిణి లోపలికి వెళ్ళేముందు బలికి తెచ్చిన మేక మీద నీళ్ళు పోసేవారు. గిట్టల నుంచి ఒళ్ళంతా వణికితేనే దేవుడు ఒప్పుకున్నట్టు. మన ఊళ్ళలోనూ బలికి ముందు మేక మీద పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించేదాకా చూస్తారు. చిన్నప్పుడు నేనూ ఆ గుంపులో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ముందు చెవులు కదిలాయి, తరవాత మెడ, ఆ పైన వీపు మీద చర్మం అలలాగ పోయింది. డెల్ఫీలో ఒకసారి పరదేశం నుంచి ప్రతినిధులు వచ్చారు. మేక కదలలేదు. పెద్దలు వచ్చి కూర్చున్నారు కదా అని పూజారులు కుండల మీద కుండలు కుమ్మరించి చివరికి ఎలాగో వణికించారు. పూజారిణి ఇష్టం లేకుండానే లోపలికి వెళ్ళింది. గొంతు బొంగురుపోయింది. భయంకరంగా కేకపెట్టి బయటికి పరుగెత్తి పడిపోయింది. కొద్దిరోజులకే చనిపోయింది.

మీ అక్కకు వణుకు రాలేదమ్మా. నువ్వు నీళ్ళు పోశావు. పెళ్ళిచూపులు గనక వణకాలని నువ్వు ముందే అనుకున్నావు. ఆమె ఆ గదిలో ఏం చేసిందో నీకు తెలుసని నాకు నమ్మకం, ఎందుకంటే చీర కుచ్చిళ్ళ పిన్ను గురించి ఒక మాట అని వదిలేశావు. ఆ పిన్ను దగ్గరికి వెళ్ళు. కాఫీ కప్పు సాసరులో టకటకలాడించకు, అది సినిమాల్లో అరిగిపోయింది.

తాత చలికి వణకడం అలాగే ఉంచు, అది నిజమైన వణుకు. తల్లి కోపం దగ్గర వణుకు తీసేసి ఆమె చేతిలో ఏముందో చెప్పు. మిగతావి నువ్వే చూసుకో. నీ ప్రతిని రేపు పోస్టులో పంపుతాను.

ఒక్కటి మాత్రం వెంటనే రాయి. బిందె తొణికాక మీ నానమ్మ దాన్ని కిందికి దించిందా, నేల ఆగేదాకా చంకలోనే పెట్టుకుని నిలబడిందా? కథలో లేదు. అప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను.

ఆశీస్సులతో,
మీ ఊరి వైపు ఒకసారి రావాలనుకుంటున్న పెద్దవాడు