ఏఓ3లో కథ ఉంటే ‘హ్యూగో విజేత’ అని రాసుకోవచ్చా?

మీ ప్రొఫైల్‌లోని ‘హ్యూగో విజేత’ మీద అభ్యంతరం వచ్చిందంటే కారణం ఇదే: 2019లో హ్యూగో (సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రంగంలో ఇచ్చే అవార్డు) ‘బెస్ట్ రిలేటెడ్ వర్క్’ విభాగంలో గెలిచింది ఏఓ3, అంటే అభిమానులు రాసే ఫ్యాన్ ఫిక్షన్ కథలుండే ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ వెబ్‌సైటు. అందులోని కథలు కావు, రచయితలూ కారు.

1. ఆ మాట తీసేయండి. ‘హ్యూగో గెలిచిన ఏఓ3లో నా కథలున్నాయి’ అనొచ్చు, అది నిజమే.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. ప్రొఫైల్ ఒక్కటీ సరిచేసి ఊరుకుంటారు. ఈబుక్ ఫైలు మొదటి పేజీలో, అచ్చు వేయించుకున్న కాపీ అట్ట మీద, ఆడియో వివరణలో అదే మాట మిగిలిపోతుంది. హ్యూగో పేరు, రాకెట్ లోగో ఆ అవార్డులిచ్చే వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సొసైటీ ట్రేడ్‌మార్కులు. బ్యాడ్జీల మీద వేసి అమ్మితే మరీ చిక్కు.

అన్నట్టు, హ్యూగోలోనే ఉన్న ‘బెస్ట్ ఫ్యాన్ రైటర్’ విభాగం పేరు చూసి ఆశపడకండి. అది ఎక్కువగా వ్యాసాలు, సమీక్షలు రాసేవాళ్లకే వెళ్తుంది.