ఏజెన్సీకి వెళ్తున్న మా మేనకోడలికి

చిట్టితల్లీ,

పాడేరు వైపు పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే, ఎంత గర్వంగా ఉందో. కానీ అప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్, అర్ధరాత్రి గుర్రపువాతం కేసు, అదే బీపీ పెరిగి గర్భిణికి ఫిట్స్ వచ్చే జబ్బు, వస్తే ఎలాగా అని.

తేలికవి నీకు తెలుసు. గర్భిణి వచ్చిన ప్రతిసారీ బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) చూడు. 140/90 ఉంటే డాక్టరుగారికి చూపించకుండా ఇంటికి పంపకు. తలనొప్పి, చూపు మసక, పొట్ట పైభాగంలో నొప్పి అంటే గ్యాస్ మాత్ర ఇచ్చి ఊరుకోకు. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి ఆక్సిజన్ పెట్టు, పళ్ళ మధ్య చెంచాలు పెట్టనివ్వకు.

అసలు సంగతి ఇది. నేను లేబర్ రూములో చేసేటప్పుడు, తొలి కాన్పు పిల్లని, ఎనిమిదో నెల, ఒక చిన్న ఆసుపత్రి నుంచి జీపులో తెచ్చారు. అక్కడ ఒకసారి ఫిట్స్ వచ్చి ఆగాయి. ఆగాయి కదా అనుకున్నారు, ఫిట్స్ ఆపే మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇంజెక్షన్ అంత మోతాదు ఇస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని భయపడ్డారు, చీటీ రాసి బండెక్కించేశారు. ఘాట్ రోడ్డులో మళ్ళీ మళ్ళీ వచ్చాయి. మా దగ్గరికి వచ్చేసరికి నాలుక తెగి నోటి నిండా రక్తం, స్పృహ లేదు, బిడ్డ గుండె చప్పుడు దొరకలేదు. తల్లి బతికింది. కళ్ళు తెరిచి "బాబా, పాపా?" అని అడిగితే వాళ్ళమ్మ నా మొహం చూసింది, ఏం చెప్పను? డయాజిపామ్, ఫెనిటాయిన్ లాంటి వేరే ఫిట్స్ మందుల కంటే మెగ్‌సల్ఫే మళ్ళీ ఫిట్స్ రాకుండా బాగా ఆపుతుందని 1995లోనే పెద్ద అధ్యయనంలో తేలింది. అయినా ఆ ఆంప్యూళ్ళు వాళ్ళ బీరువాలోనే ఉండిపోయాయి.

అందుకే నీ దగ్గర 108 కదిలేలోపే మెగ్‌సల్ఫ్ మొదటి డోసు పడాలి. పిరుదుకు 5 గ్రాముల చొప్పున, రెండు పక్కలా కండలోకి లోతుగా. 50 శాతం ఆంప్యూల్ 2 ఎం.ఎల్.లో ఒక గ్రామే ఉంటుంది, అంటే మొత్తం పది పగలగొట్టాలి, అన్ని చూసి చెయ్యి వణకనివ్వకు తల్లీ. తర్వాతి డోసు ఇవ్వాల్సి వస్తే మాత్రం మోకాలి జెర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) ఉండాలి, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 ఎం.ఎల్. అయినా రావాలి. లేకపోతే ఆపెయ్. మెగ్‌సల్ఫ్ ఎక్కువైతే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్, అది పక్కనే పెట్టుకో. బీపీ 160/110 దాటితే డాక్టరుగారిని ఫోన్‌లో అడిగి దానికీ మందు వెయ్యి. జబ్బుకు అసలు విరుగుడు కాన్పే, నెలలు నిండలేదని పెద్దాసుపత్రికి పంపడం ఆలస్యం చేయొద్దు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి మెథర్జిన్ జోలికి పోకు, అది బీపీ పెంచుతుంది, ఆక్సిటోసిన్ చాలు.

కాన్పయ్యాక గండం గడిచిందని అందరూ టీకి వెళ్ళిపోతారు, నాకు అదే కోపం. ఫిట్స్ బాలింతకూ వస్తాయి, ఇంటికెళ్ళాక కూడా. ఆశా అమ్మాయితో వారం లోపు మళ్ళీ బీపీ చూపించమని చెప్పు.

చేరిన రోజే ట్రేలో ఆ పది ఆంప్యూళ్ళు ఉన్నాయా, తేదీ దాటిపోయిందా చూసి నాకు ఫోన్ చెయ్యి. రాత్రి డ్యూటీలో అన్నం మానేస్తే మాత్రం ఊరుకోను.

మీ అత్త