చలికొండల్లో లారీ ఇంజన్: అల్లుడికి ఉత్తరం

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

జోజిలా కనుమ దాటి ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్‌కి లోడు ఎత్తుతున్నావని మీ అమ్మ చెప్పింది. నవంబరులో అక్కడి చలి మనిషికంటే ముందు బండినే పట్టుకుంటుంది.

మొదట డీజిల్ సంగతి. మైదానంలో నింపిన డీజిల్‌లోని మైనం చలికి విడిపోయి, గంజినీళ్ళలా తెల్లబడుతుంది. బండి స్టార్ట్ అవుతుంది, నాలుగు నిమిషాలు ఆడుతుంది, తర్వాత లాగలేక ఆగిపోతుంది. పంపు పోయిందని విప్పుకుంటూ కూర్చోకు, ఫిల్టర్‌కి మైనం పట్టిందంతే. మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్‌ని లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది. అటు చేరేసరికి ట్యాంకులో పాతది తక్కువ ఉండేలా చూసుకుని, అది నింపించు. నింపగానే బండి ఆపి పడుకోకు. పైపుల్లో, ఫిల్టర్‌లో ఉన్న పాత డీజిల్ పోవాలంటే బండి కొంతదూరం నడవాలి. కిరసనాయిలు మాత్రం కలపకు, కొత్త కాలుష్య ప్రమాణాల (బీఎస్-6) బండ్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఓర్చుకోవు. ట్యాంకు కింద గుడ్డలు కాల్చి కరిగిద్దామని ఎవరైనా అంటే నీ బండి దగ్గరికి రానివ్వకు.

పొద్దున తాళం తిప్పి, హీటర్ లైటు ఆరేదాకా ఆగు. సెల్ఫ్ స్టార్టర్ ఒక్కసారికి పదిహేను సెకన్లు మించకూడదు. అందుకోకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కొట్టు, లేకపోతే మోటారు కాలిపోతుంది. చలికి బ్యాటరీల సత్తువ ఎలాగూ సగానికి పడిపోయి ఉంటుంది. హీటర్ ఉన్న ఇంజన్‌కి ఈథర్ స్ప్రే కొట్టావంటే లోపలే పేలుతుంది.

స్టార్ట్ అయ్యాక ఆయిల్ ప్రెషర్ ముల్లు చూడు. పదిహేను సెకన్లలో లేవకపోతే వెంటనే ఆపెయ్. లేచినా రేజ్ చేయకు, చిక్కబడ్డ ఆయిల్ టర్బో (ఎగ్జాస్ట్ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి నెట్టేది) బేరింగుల దాకా ఇంకా వెళ్ళి ఉండదు. మామూలు చలికి మూడు నుంచి ఐదు నిమిషాలు, మైనస్ పదిహేను దాటితే పది నిమిషాలు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ నెమ్మదిగా ఆడుతూ) ఉంచితే చాలు.

గంటసేపు ఐడిల్‌లో పెట్టి టీ తాగడం చాలామందికి అలవాటు. అది ఇంజన్‌కి మేలు కాదు, కీడు. సిలిండరు చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా కాలదు. కాలనిది గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందున్న ఆయిల్ సంప్‌లోకి దిగుతుంది, ఎగ్జాస్ట్‌లో మసి పేరుకుంటుంది. పైగా నిలబెట్టిన బండిలో గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ హౌసింగ్ ఆయిల్ వేడెక్కదు. అందుకే నడుపుతూ వేడెక్కించు. మొదటి ఐదారు కిలోమీటర్లు 1500 ఆర్‌పీఎం దాటకుండా పో. టెంపరేచర్ ముల్లు మామూలు చోటికి వచ్చాకే లోడు మీద గట్టిగా లాగు. రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు వద్దు, కూలెంట్ సగం, నీళ్ళు సగం ఉండాలి.

ఆపడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఘాట్ ఎక్కి పైన ఢాబా కనబడగానే తాళం తిప్పేస్తారు. అప్పటికి టర్బో ఎగ్జాస్ట్ వైపు మండుతూ ఉంటుంది, షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు తిరిగి వచ్చి ఉంటుంది. ఇంజన్ ఆగితే ఆయిల్ రాదు. బేరింగులో మిగిలిన చుక్క ఆ వేడికి మాడి నల్లటి చెక్కులా కడుతుంది. నెలల తరబడి అలా చేస్తే షాఫ్ట్ ఊగుతుంది, నీలం పొగ మొదలవుతుంది. ఎక్కి వచ్చి ఆపితే ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగదారి మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) మీద దిగి వస్తే టర్బో దారిలోనే చల్లబడి ఉంటుంది, ఒకటి రెండు నిమిషాలు సరిపోతాయి.

తాళం తీశాక బ్యాటరీ మెయిన్ స్విచ్ వెంటనే ఆపెయ్యకు. పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం యాడ్‌బ్లూ ఉంది కదా, దాని పంపు పైపుల్లో మిగిలింది వెనక్కి లాగుకుంటుంది, ఆ చప్పుడు ఆగాక స్విచ్ ఆపెయ్. మైనస్ 11 డిగ్రీలకే యాడ్‌బ్లూ గడ్డకడుతుంది, పైపుల్లో ఉండిపోతే పగుళ్ళిస్తుంది. పడుకునే ముందు బ్రేకులకి గాలి అందించే ఎయిర్ ట్యాంకుల కుళాయిలు తిప్పి నీళ్ళు వదిలెయ్. లేదంటే పొద్దుటికి వాల్వులో మంచు కట్టి బ్రేకు వదలదు.

లేహ్ చేరగానే ఫోను చెయ్.

ఇట్లు,
మీ మామయ్య