విశ్వాసంలో మోమాటం

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మొన్నటి క్రిస్మస్ ఆరాధనకు ఒక కాంట్రాక్టరు గారు, ఇద్దరు మండల నాయకులు వచ్చారు. పాస్టరు గారు ప్రసంగం ఆపి, ముందు వరుసలోని ముసలివాళ్లను లేపి, ఆ కుర్చీలలో వారిని కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. లేచినవారిలో పత్తి ఏరి బతికే మా అమ్మ కూడా ఉంది. ఆరాధన ముగిసేదాకా ఆమె గోడకు ఆనుకొని నిలబడింది. నేను అడిగితే, సన్మానించవలసిన వారిని సన్మానించమని బైబిలులోని రోమా పత్రికలోనే ఉందని సంఘ పెద్దలు అన్నారు. గౌరవించడం పక్షపాతమవుతుందా? — ఒక పాఠకుడు

జవాబు: పెద్దలు చెప్పిన మాట రోమా 13:7లో ఉన్నదే. అయితే అక్కడ పౌలు పన్ను, సుంకం, భయం, సన్మానం అని వరుసగా చెబుతూ, అధికారులకు మనం బాకీ ఉన్నదానిని తీర్చమంటున్నాడే గాని, మందిరంలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పడం లేదు. ఆ సంగతి చెప్పినది యాకోబు పత్రిక రెండవ అధ్యాయం. బంగారు ఉంగరం, ప్రశస్తమైన వస్త్రాలు గలవాణ్ణి మంచి స్థలంలో కూర్చోమని, మురికిబట్టల పేదవాణ్ణి అక్కడ నిలబడమని లేదా తన పాదపీఠం దిగువన కూర్చోమని చెప్పే సంఘాన్ని యాకోబు తప్పుపట్టాడు. ఆనాటి రోమా సామ్రాజ్యంలో బంగారు ఉంగరం హోదాకు గుర్తు. మీ ఉత్తరం చదువుతుంటే, ఉంగరం బదులు శాలువా వచ్చిందే తప్ప దృశ్యం మారలేదనిపించింది.

ఆ అధ్యాయం మొదటి వచనంలో మన తెలుగు బైబిలు “మోమాటముగలవారై యుండకుడి” అంటుంది. మూలంలోని గ్రీకు పదానికి, ముఖాన్ని చూసి మనిషిని స్వీకరించడం అని అర్థం. ముఖం చూసి బొట్టు పెట్టడమని మనం అనే మాట దానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఇప్పుడు మొహమాటమంటే కాదనలేని బిడియమని మాత్రమే వాడుకలో ఉంది గాని, నా ఉద్దేశంలో ఆ అర్థం కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. ఎందుకంటే సంఘాలలో పక్షపాతం చాలాసార్లు పేదలమీద ద్వేషంతో కాక, వచ్చిన పెద్దమనిషి ఏమనుకుంటాడోనన్న జంకుతో మొదలవుతుంది.

అపొస్తలుడైన పేతురే ఆ జంకుకు లొంగాడు. కైసరయలో కొర్నేలీ ఇంట, దేవుడు పక్షపాతి కాడని నోరారా ఒప్పుకున్నవాడే (అపొ. కార్యములు 10:34), అంతియొకయలో యూదులు కాని అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, యెరూషలేము నుండి కొందరు రాగానే వారికి భయపడి పంక్తి విడిచి వెనక్కి తగ్గాడు. వచ్చినవారు యాకోబు దగ్గరనుండి వచ్చినవారని గలతీ పత్రిక రెండవ అధ్యాయం చెప్పడం చిత్రమే. పౌలు దానిని మర్యాద లోపంగా చూడలేదు. సువార్త సత్యానికే విరుద్ధమని అందరి ఎదుట ఎదిరించాడు.

మన నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఇది మరింత తగులుతుంది. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టి నడిచినవారి, హోటలులో వేరే గ్లాసులో చాయ తాగినవారి మనవలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. ఆ తాతలు ఒకే చాప మీద కూర్చోగలిగిన చోటు మందిరం. అక్కడ కూడా లేచి నిలబడవలసివస్తే, మీ అమ్మగారికి నొప్పి కాళ్లలో మాత్రమే కలగదు.

అతిథికి మంచినీళ్లిచ్చి, మర్యాదగా పలకరించి, ఖాళీ ఉన్నచోట కూర్చోబెట్టడంలో తప్పు లేదు. కుర్చీలు తక్కువైతే మోకాళ్ల నొప్పులున్నవారికి, బాలింతలకు ముందుగా ఇవ్వడం పక్షపాతం కాదు, ఎందుకంటే అక్కడ చూసేది అవసరాన్ని, హోదాను కాదు. శాలువా గురించి సంఘాలు వేరువేరుగా అనుకోవచ్చు. నాకైతే ఆరాధన మధ్యలో అది అనవసరం.

మత్తయి 18:15 ప్రకారం, ముందు పాస్టరు గారితో ఒంటరిగా మాట్లాడండి. మీ అమ్మగారి దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పమని అడగండి. ఆ మాటల్లో కాంట్రాక్టరు గారి మీద కోపం కలపకండి. లేవీయకాండము 19:15 గొప్పవాడికే కాక, బీదవాడికి కూడా పక్షపాతం చూపవద్దంటుంది. పైగా, ఆయన ఆ కుర్చీ అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.